మేకుల డబ్బాలో ఏడున్నర

మహేందర్ బల్ల సొరుగులో ఒక మేకుల డబ్బా ఉంది. అందులో నాలుగు రేకు ప్లేట్లు.

నాలుగింటి మీదా ఒకటే అంకె. ఏడున్నర హార్స్ పవర్.

మరిపెడలో మోటర్ల రివైండింగ్ దుకాణం అతనిది. కరెంటు కనెక్షన్ ఐదుకు తీసుకుని, నీళ్లు దండిగా పోయాలని ఏడున్నర మోటర్ కొనుక్కునే రైతులు అతని దగ్గరికే వస్తారు. కరెంటోళ్లు చూస్తే ఐదే కనబడాలని, అతను మోటర్ మీది ఏడున్నర ప్లేటు ఊడదీసి, దాని చోట ఐదు ప్లేటు బిగిస్తాడు. నిమిషం పని.

అది తప్పని ఏనాడూ అనుకోలేదు. అందరూ చేసేదే కదా.

మిర్చి పూత మీద ఉండగా దంతాలపల్లి దారిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని కింద ఐదు మోటర్లు. నాలుగింటికి ప్లేట్లు మార్చింది మహేందరే. ఐదోది మణెమ్మది, ఉత్త మూడు హార్స్ పవర్. పోయిన ఏడాదే పెట్టుకుంది.

"ఆఖరుకు వచ్చింది గామెనే. గామె మోటర్‌తోనే లోడ్ ఎక్కువైంది," అన్నాడు దామోదర్. మిగతా ముగ్గురు రైతులూ తలలూపారు.

లెక్క తేల్చమని మహేందర్‌ను పొలానికి పిలిపించారు.

హార్స్ పవర్ ఒకటికి ఏడు వందల నలభై ఆరు వాట్లు. ఐటీఐలో నేర్చుకున్న లెక్క, నిద్రలో అడిగినా చెబుతాడు. ప్లేట్ల ప్రకారం నాలుగు ఐదులు, ఒక మూడు. మొత్తం ఇరవై మూడు. పదిహేడు వేల పైచిలుకు వాట్లు. ఇరవై ఐదు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగిందే.

అసలు లెక్క వేరే ఉంది. నాలుగు ఏడున్నరలు ముప్ఫై. ఇరవై రెండు వేలు దాటుతుంది. మోటర్లు తినే నష్టం కలిపితే ట్రాన్స్‌ఫార్మర్ మోయలేదు, మణెమ్మ మోటర్ లేకున్నా సరే.

నలుగురూ అతని మొహమే చూస్తున్నారు. నలుగురూ అతని గిరాకీలే.

"జర లోడ్ ఎక్కువైందక్కా," అన్నాడు మణెమ్మతో, లెక్క వేసిన అట్టముక్కను నలిపి జేబులో పెట్టుకుంటూ.

లోడ్ ఎవరిదో మాత్రం చెప్పలేదు.

మణెమ్మ ఎదురాడలేదు. "నువ్వు సదువుకున్నోనివి తమ్మీ. నువ్వు జెప్తే ఇంకేమున్నది," అంది. సాయంత్రానికల్లా మోటర్ తీయించి, ఎవరికైనా అమ్మిపెట్టమని అతని దుకాణానికే పంపింది.

నీళ్లు లేక ఆమె ఎకరన్నర మిర్చి చేను పూతంతా రాల్చింది. ఆ దారిన పనిపడ్డా మహేందర్ చుట్టు తిరిగి పోయాడు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన పదిహేను రోజులకు అదీ కాలిపోయింది.

మర్నాడు పొద్దున్నే మణెమ్మ దుకాణానికి వచ్చింది. మూలన ఉన్న తన మోటర్ మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"ఈపారి నాది లేకపాయె గద తమ్మీ. మల్ల ఎట్ల కాలింది?"

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"పంట ఎట్లయిన పోయింది. నా మోటర్‌తోనే కాలిందని వాడకట్టంత అంటున్నరు. గదొక్కటి జెప్పు."

మహేందర్ సొరుగు లాగాడు. మేకుల మధ్య నుంచి నాలుగు ప్లేట్లూ ఏరి, ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. సిగ్గుతో తల పైకెత్తలేకపోయాడు.

ఆమెకు చదువు రాదు. ఒక ప్లేటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గివి ఎవరి మోటర్లయి?"

"దామోదరన్నది. తక్కిన ముగ్గురియి. ఏడున్నర ప్లేట్లు తీసి ఐదు ప్లేట్లు నేనే బిగించిన."

మణెమ్మ ఇంకోసారి నాలుగింటినీ చూసింది.

"గిండ్ల నాదేది తమ్మీ?"

"నీది లేదక్కా."