ఎడమ షెడ్డులో వెల్లుల్లి వాసన

“అత్తయ్యా, గెలిచాను!” కోడలు గంతేసినంత పని చేసింది.

పశువుల డాక్టరు అప్పుడే తేల్చి చెప్పాడు. అత్తగారు చూసే ఎడమ షెడ్డు కోళ్లకి మేతలో జబ్బులు రాకుండా రోజూ మందు. కోడలు చూసే కుడి షెడ్డు కోళ్లకి మందు బదులు పసుపూ వెల్లుల్లీ. నలభై రోజులయ్యాక చూస్తే బరువులో తేడా లేదు, జబ్బు ఒక్కదానికీ లేదు. పందెం ఓడి ఉంటే ఫారం పెత్తనమంతా అత్తగారిదే అయ్యేది.

“పోపుడబ్బాతో కోళ్లు పెంచుతావా అని ఒకటే దెప్పారుగా! ఇప్పుడేమంటారు?”

అత్తగారు కొంగుకి చేతులు తుడుచుకుంది.

డాక్టరు ఎడమ షెడ్డు మేత గుప్పెడు తీసి వాసన చూశాడు. “ఇందులోనూ వెల్లుల్లి ఉందే!”

కోడలు అత్తగారి చేతులకేసి చూసింది. గోళ్లు పసుపుతో పచ్చగా ఉన్నాయి.

“అత్తయ్యా!”

“పక్కపక్కన కూర్చున్నవాళ్లలో ఒకరికి వడ్డించి, ఇంకొకరికి మానేస్తామా? ఆ వలపక్షం నావల్ల కాదు.”

“మరి నేనిచ్చిన మందు?” అన్నాడు డాక్టరు.

“అటక మీద భద్రంగా ఉంది. జబ్బు లేనివాళ్లకి ఎక్కడైనా మందు పోస్తారా?”

డాక్టరు రెండు షెడ్ల లెక్కలు రాసుకున్న కాగితం నిలువునా చింపాడు. “ఇంక దేన్ని దేనితో పోల్చను? మళ్లీ మొదట్నించీ!”

కోడలికి కోపం రావలసింది, నవ్వొచ్చింది. “ఎప్పట్నించి కలుపుతున్నారు?”

“మొదటిరోజు నించీ.”

“మరి ఆ దెప్పడమంతా?”

“అది అత్తరికం. ఇది కోళ్ల పెంపకం. రెంటికీ ముడిపెట్టకు.”