అమ్మ ఊరికి వీసా

"వీసా నీకక్కర్లేదక్కా. పాపకే కావాలె," అన్నాడు రఘుపతి, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే.

షంషాద్ ఒళ్ళో కూర్చున్న సిద్రాను చూసుకుంది. తన పాస్‌పోర్టు ఇండియాది, కూతురిది ఒమన్‌ది. కడపలో పుట్టి పెరిగిన షంషాద్ ఏడేళ్ళ కిందట నాసిర్‌ను పెళ్ళి చేసుకుని ఒమన్‌లోని సమాయిల్ వచ్చింది. నాసిర్ ఈ ఊరివాడే. సిద్రాకు మొన్ననే ఐదు నిండాయి.

"అమ్మ ఊరికి పోవడానికి బిడ్డకు టూరిస్టు వీసానా అన్నా?"

"కాగితం మీద పాప టూరిస్టే అక్కా. ఏం చేస్తం?"

జగిత్యాల నుంచి వచ్చిన రఘుపతి సమాయిల్ బజారులో టైపింగ్ షాపు నడుపుతున్నాడు. దరఖాస్తులు నింపడమే పని. అరబ్బీ మాటల మధ్య తెలుగు వినబడితే అతనికి ప్రాణం లేచి వస్తుంది. అందుకే షంషాద్ దరఖాస్తును సొంత పనిలా నింపసాగాడు.

"ఎందుకు పోతున్నరని రాయాలె?"

"ఊరు చూపించేదానికి."

"అక్కడ ఎవరింట్ల ఉంటరు?"

"మా అక్క షబానా ఇంట్లో. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. అమ్మ ఇల్లు యాడుండాదో బిడ్డకు తెలియాల గదా."

మూడు రోజుల్లో దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఫొటోలో పాప చెవులు కనబడడం లేదట. జుట్టు వెనక్కి దువ్వి, మళ్ళీ ఫొటో తీయించి తెచ్చింది షంషాద్. ఈసారి రఘుపతే తల గోక్కున్నాడు.

"తండ్రి సంతకం గావాలంటున్నరక్కా. తల్లి ఒక్కతే తీసుకపోతున్నది గదా, ఆయన ఒప్పుకున్నట్టు కాగితం పెట్టాలె."

"తల్లి సంతకం చాలదా?"

"చాలదక్కా."

ఆమె కాగితం తీసుకుని వెళ్ళింది. వారం తర్వాత ఖాళీగానే తిరిగి తెచ్చింది.

"చూస్తానన్నాడు."

ఇంకో వారం గడిచింది. కాగితం మడతల దగ్గర చిరుగుపట్టింది.

"ఇంకా చూస్తాననే అంటాండాడు."

రఘుపతి వేరే కాగితం ప్రింట్ తీసి ఇచ్చాడు. భర్త పూచీ మీద ఆమెను ఈ దేశంలో ఉండనిచ్చే రెసిడెన్స్ కార్డు నకలు చూస్తూ ఆగాడు.

"ఇది ఈ నెలాఖరుకు అయిపోతున్నదక్కా. రెన్యూవల్‌కు ఇచ్చిన్రా?"

"దాని సంగతి ఆయన చూసుకుంటాడులే అన్నా."

బయట ఎండ మండిపోతోంది. ఆమె అప్పుడే లేవలేదు. సిద్రాను దగ్గరికి లాక్కుని, "నంబరు చెప్పమ్మా," అంది. పాప నాలుగు అంకెలు తెలుగులో చెప్పి, ఐదోదానికి అరబ్బీలోకి జారిపోయింది.

"అట్లా కాదు. మన మాటలో చెప్పు. మళ్ళీ మొదట్నుంచి."

పాప మళ్ళీ చెప్పింది. మళ్ళీ జారింది. మళ్ళీ చెప్పించింది. షంషాద్ గొంతులో కోపం లేదు. కానీ వదలడమూ లేదు.

"ఎవరి నంబరక్కా? పాపను గింత కష్టపెడుతున్నవ్?"

"మా షబానా ఇంటిది. ఎప్పుడన్నా తప్పిపోతే ఫోన్ చేసుకోవాల గదా."

"నువ్వు పక్కనుండంగ ఎట్ల తప్పిపోతది?"

షంషాద్ పాప జుట్టు సర్దింది.

మూడో వారం ఆమె వచ్చేసరికి రఘుపతికి మొహమాటంగా ఉంది. "గురువారం లోపల సంతకం పెట్టకుంటే దరఖాస్తు రద్దయితది. మళ్ళ మొదటికొస్తది అక్కా."

ఆమె సంతకం లేని కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"తీసేయన్నా. మా బిడ్డకు ఆ ఊరు చూసే రాత లేదు."

"గట్ల అనకు. ఇయ్యాల కాకుంటే వచ్చే యేడు పోతరు."

ఆమె అతని వంక వింతగా చూసింది. పాప చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఆమె వెంట నాసిర్ కూడా వచ్చాడు. పాదాల దాకా దిగిన తెల్లటి దిష్‌దాషా అంగీలో, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కాగితం రెండుసార్లు చదివి, హిందీ, అరబ్బీ కలిపి రఘుపతితోనే మాట్లాడాడు.

"పదిహేను రోజులు. అంతే. పదహారో రోజు నేనే కడప పోయి పాపను తీసుకొస్తాను."

సంతకం పెట్టి, కూతురిని ఎత్తుకుని గట్టిగా ముద్దు పెట్టుకుని దింపాడు. భార్య వైపు చూడకుండా వెళ్ళి కారులో కూర్చున్నాడు.

"మంచోడక్కా," అన్నాడు రఘుపతి. "బిడ్డను ఇడిచి ఉండలేడు."

"అవునన్నా. ఆయన కూడా ఉండలేడు."

నాలుగు రోజుల్లో వీసా వచ్చింది. రఘుపతి ఫోన్ చేసి పిలిపించాడు. సిద్రా చేతిలో చాక్లెట్ పెట్టి, వీసా కాగితాన్ని షంషాద్ ముందు పరిచాడు.

"ఇగో, మీ టూరిస్టు తయార్! ఇంకనన్న నవ్వక్కా."

ఆమె నవ్వింది. వీసా గడువు దగ్గర వేలు పెట్టి, ఏదో లెక్క చూసుకున్నట్టు అక్కడే ఉంచింది.

"టికెట్లు గూడ ప్రింట్ తీసిస్త, ఫోన్ ఇయ్యి," అన్నాడు రఘుపతి.

ప్రింటర్ లోంచి మస్కట్ నుంచి వెళ్ళే టికెట్లు రెండు వచ్చాయి. తర్వాత ఇంకొక కాగితం వచ్చింది. ప్రింటర్ ఆగిపోయింది. రఘుపతి ట్రే లాగి చూశాడు.

"ఒక పేజీ రాలేదక్కా. మళ్ళ కొడత ఆగు."

"అన్నీ వచ్చినాయన్నా," అంది షంషాద్.

తిరుగు టికెట్టు పాపకొక్కదానికే ఉంది.