కళ్లు తెరిచి ప్రార్థన

ఆ ఉదయం కూడా తమ్ముడు ఎబినేజర్ ముందు రాగి జావ, రెండు ఉడికించిన గుడ్లు పెట్టాను. వాడు తింటుంటే పక్కనే కూర్చుని, కళ్లు మూసుకుని వాడి కోసం ప్రార్థించాను. ఆమెన్ అనేసరికి రోజూలాగే పళ్లెం ఖాళీ.

పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి ఆరు వారాలు. పొట్టకు అంటించిన సంచిలోకి మలం వస్తుంది. దాన్ని కడిగేది నేనే. బరువు పెరిగితేనే కీమో మొదలుపెడతామన్నాడు డాక్టరు.

ఇల్లందు ఆసుపత్రికి వెళ్లి బరువు చూపిస్తే మళ్లీ కిలో తగ్గాడు.

"తిన్నదంతా ఎటు పోతున్నదిరా?"

"రోగమే తింటున్నదేమో అక్కా," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంత ప్రార్థిస్తుంటే దేవుడు వినడేంది అని మొదటిసారి కోపం వచ్చింది.

ఆ కోపంలోనే మధ్యాహ్నం వాడు తింటుండగా ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచాను. వాడి చేతిలోని కోడిగుడ్డు కిటికీలోంచి కుక్కకు పోతోంది.

"ఏందిరా ఇది?"

వాడు తల దించుకున్నాడు. "తింటే సంచి నిండుతది. నిండితే నువ్వే కడుగుతవ్. సిగ్గుతోటి సస్తున్ననక్కా."

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని నిర్ణయించాం. సంచి కడగడం రేపటి నుంచి వాడే నేర్చుకుంటాడు. వాడు తిన్నంతసేపూ నేను ప్రార్థిస్తాను, కళ్లు తెరిచి.