కొట్లాట అంటే

భివండీ పోలీసు ఠాణాలో అంకుశం కాలరు పట్టుకొని హవల్దారు లాకప్పు వైపు ఈడ్చాడు. మరమగ్గాల సాంచల కాడి నుంచి నేరుగా పట్టుకొచ్చారు పాపం, చొక్కా నిండా ఇంకా దూది నూగే.

"నేనేం జేసిన్నే?" అని అంకుశం పెళ్లాన్ని అడిగాడు.

చంద్రవ్వ బిత్తరపోయింది. ఆమె చెప్పింది ఒక్కటే మాట: "మా ఆయన రోజు కొట్లాడుతడు, జర బెదిరియ్యుండ్రి." తనకు మరాఠీ రాదు గనక, మరాఠీ బడిలో చదివే కూతురు రూపాలిని వెంట తెచ్చుకుంది. ఆ పిల్ల దాన్ని 'బాబా రోజ్ మారతాత్' అని అప్పజెప్పింది. రోజూ కొడతాడని! ఇంకేముంది, హవల్దారు లాఠీ అందుకున్నాడు.

మొగుణ్ని లోపలేస్తే ఇల్లెట్లా గడుస్తుంది? చంద్రవ్వ లబోదిబోమంటూ పద్మనగర్ పరుగెత్తి, తెలుగు పాఠాలు చెప్పే దత్తాత్రి సారును పిలుచుకొచ్చింది.

సారుకు ఇంతకన్నా ఏం కావాలి? కుర్చీ లాక్కొని కూర్చొని హిందీలో అందుకున్నాడు. కొట్లాడు అనే మాట కొట్టు నుంచే పుట్టిందట. దానికి ఆడు వచ్చి చేరిందట. ఒకప్పుడు నిజంగానే కర్రలు పట్టుకునేవాళ్లేమో గానీ, తెలంగాణలో ఇప్పుడు చేతులు పోయి నోళ్లే మిగిలాయట. కూరలో ఉప్పెక్కువైందని అరుచుకున్నా అది కొట్లాటేనట. కోస్తా వాళ్లకు ఈ సంగతి ఎంత చెప్పినా ఎక్కదని కూడా వాపోయాడు. హవల్దారుకు కోస్తా ఎక్కడుందో తెలియదు, అయినా తల ఊపాడు.

"ఒక్క దెబ్బ సుత లేదు," అంది చంద్రవ్వ. "నోటి మాటలే."

వ్యాకరణం ముందు లాఠీ ఏపాటిది? హవల్దారు నవ్వి కాలరు వదిలేశాడు.

అక్షింతలన్నీ రూపాలికి పడ్డాయి. తల్లి భాషను గాలికొదిలేసిందని సారు చీవాట్లు పెట్టాడు. ఆ ఒక్క మాటకు కన్నతండ్రి జైలుకు పోయేవాడని దారి పొడుగునా తల్లి సాధించింది.

"నేను సరిగ్గనే చెప్పిన," అని పిల్ల గొణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికి రాగానే అంకుశం తలుపు గడియ పెట్టి బెల్టు విప్పాడు.

"తెలుగు మర్సినవట గద బిడ్డా? రా, నేర్పుత."

చంద్రవ్వ కిటికీ మూసింది. "మొకం మీద కొట్టకయ్యా," అంది. "రేపు దానికి బడున్నది."