పదిహేను రోజులు

"ఏదీ, 'ఆ...' అనండమ్మా," అన్నాడు గొంతు డాక్టరు.

టీచరమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప శబ్దం రాలేదు.

"ఎన్నాళ్లయింది ఇలా?"

"రెండు రోజులండీ," పక్కనుంచి భర్త అందుకున్నాడు. "నిన్న హెడ్మాస్టరు ఫోన్ చేసి చెబితేగానీ నాకు తెలీలేదు."

ఆమె తల అడ్డంగా ఊపి, బల్లమీది కాగితం తీసుకుని రాసింది: పదిహేను రోజులు.

భర్త నవ్వేశాడు. "పదిహేనా! మొన్న ఆదివారం ఇల్లు మారే సంగతి గంటసేపు మాట్లాడుకోలేదూ? సరేనని ఒప్పుకుంది కూడానండీ."

ఆ గంటసేపూ మాట్లాడింది ఆయనే. ఆమె తలూపిందంతే.

డాక్టరు గొంతులోకి లైటు వేసి చూశాడు. "స్వరపేటిక బాగా వాచింది. నీళ్లు ఎక్కువ తాగండి. పది రోజులు బడికి సెలవు పెట్టండి. ఇంట్లో కూడా మాట్లాడకూడదు, గుసగుసలు అసలే వద్దు."

"ఇంట్లో ఇబ్బందేం ఉండదండీ," అన్నాడు భర్త ధీమాగా. "ఏదున్నా నేను చెబుతాను, తను వింటుంది."

డాక్టరు ఒక్క క్షణం ఆయన్ని చూసి, ఆమెవైపు తిరిగాడు. "మీరేమైనా అడగాలామ్మా?"

గొంతు మళ్లీ ఎప్పుడొస్తుందని రాయబోయింది ఆమె. వచ్చాక ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తోచలేదు. పెన్ను బల్లమీద పెట్టేసింది.