బంపరుకు నల్లరంగు

"ఆగు బావా! కారు అందమంతా ఆ మెరుపులోనే ఉంది," అన్నాడు ఎదురింటి యలమంద.

"ఆ మాట నీ గిత్తకు చెప్పు!" అంటూ నా పాత ఫియట్ బంపరుకు నల్లరంగు పూశాను.

వాడి ఒంగోలు గిత్త రోజూ పొలానికి వెళ్తూ ఆ క్రోమ్ బంపరులో తన నీడ చూసుకుని, ఇంకో గిత్త వచ్చిందనుకుని కుమ్ముతోంది. ఇప్పటికి మూడు సొట్టలు పడ్డాయి.

తలుపుల మీది మెరుపు పట్టీలు, వీల్ కప్పులు కూడా నల్లగా చేసేశాను.

"ఇప్పుడు తోలుకురారా, చూద్దాం!"

గిత్త వచ్చింది. నేను అరుగెక్కి ఊపిరి బిగబట్టాను. అది తలైనా తిప్పకుండా కారు పక్కనుంచి వెళ్లిపోయింది.

"చూశావా, గెలిచాను!" అన్నాను మా ఆవిడతో.

కోటేశ్వరి గుమ్మంలో నిలబడి నవ్వింది. "గెలిచారు లెండి. ఊరు మొత్తం మీద మీ కారు దగ్గర ఆగేది అదొక్కటే. ఇక అదీ ఆగదు."

అది ఆగేది తన నీడ కోసమేనని నాకు తెలుసు. అయినా మనసు చివుక్కుమంది.

"ఒరేయ్ యలమందా! రేపు కూడా గిత్తను ఇటే తోలుకురా!" అని అరిచి, రంగు ఆరకముందే కిరసనాయిలు గుడ్డతో బంపరు తుడవడం మొదలుపెట్టాను.