కడిగిన నేల

పొద్దున్నే కొట్టం తలుపు తీసిన లుకేర్యకు ముక్కు పగిలేంత కంపు కొట్టింది.

నిన్న సాయంత్రం నడుం విరిగేలా గీకి శుభ్రం చేసిన నేల మీద మళ్ళీ పెంట. కోడి రెట్టలు, ఆవు పేడ, కుళ్ళిన గడ్డి అన్నీ కలిసి మోకాలెత్తు కుప్ప.

"ఛీ, ఏ దరిద్రపు చేతులో ఇవి" అంటూ తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఈ వారమంతా ఇదే తంతు. తను బయట పారబోస్తుంది. ఎవరో మళ్ళీ లోపల పోస్తారు.

లుకేర్య శుభ్రమంటే ఊరంతటికీ హడల్. ఎంత చలిలోనైనా ఆమె గడప దాటాలంటే బూట్లు బయటే విప్పాలి. పెంటలో పురుగుంటుందని, ఆ పురుగే తన కోళ్ళను చంపుతోందని ఆమె గట్టి నమ్మకం.

ఆ ఏడు సైబీరియా చలి పగబట్టినట్టే ఉంది. అడ్డకర్ర మీద కూర్చున్న కోళ్ళు ఒక్కొక్కటే బిగుసుకుపోయి కింద పడుతున్నాయి. మొగుడు పోయాక ఆమెను బతికిస్తున్నవి ఆ కోళ్ళే. వాటి గుడ్లు అమ్మి పిండి తెచ్చుకుంటుంది. అవి కూడా పోతే మంచు కరిగేదాకా ఏం తినాలో ఆమెకు తెలియదు.

పళ్ళు కొరుకుతూ పార అందుకుంది. సగం కుప్ప తోసిందో లేదో, వెనక వాకిలి కిర్రుమంది.

ముసలామె ఒకతె గంప మోసుకుంటూ లోపలికి వచ్చింది.

ఆ గుమ్మం మరీ పొట్టిది. ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్న లుకేర్యకే అప్పుడప్పుడూ నుదురు బొప్పి కడుతుంది. ఈమె మాత్రం చూడకుండానే తల వంచి వచ్చేసింది.

లుకేర్య అది గమనించలేదు. ఆమె కళ్ళు గంప మీదే ఉన్నాయి. గంప నిండా పొగలు కక్కుతున్న పెంట.

"నువ్వా ఈ పని చేస్తున్నది? ఎవరు నువ్వు?"

"ఉస్తీన్య అంటారమ్మా. మీ ఊరి ముసలి ఎఫీమ్ పెరట్లో స్నానాల గదిలో దిగాను. నాలుగు రోజులుండి పోదామని వచ్చా."

"వచ్చినదానివి కాళ్ళు ముడుచుకుని ఉండక, నా కొట్టంలో పెంట పోస్తావా? మతి ఉండే చేస్తున్నావా?"

"పెంట తియ్యకు తల్లీ. చలి పోయేదాకా అలాగే ఉంచి, పైన గడ్డి పరుస్తూ ఉండు. అడుగున ఉడుకుతూ ఉంటుంది. కోళ్ళకు అదే పొయ్యి."

"నీ మొహం. పెంటలో పొర్లించడానికి ఇవేమన్నా పందులా?"

ముసలామె బోసినోటితో నవ్వింది. పేడ పట్టి ఆమె కోటు అట్ట కట్టింది. గోళ్ళలో నల్లటి మట్టి.

"సరే, ఇక పొయ్యన్లే. ఒక్కసారి నీ ఇంట్లోకి రానిస్తావా? పొయ్యి పక్కన కాసేపు కూర్చుని వెళ్ళిపోతా. టీ కూడా వద్దు."

ఇసుకతో తోమి తోమి తెల్లగా చేసుకున్న నేల లుకేర్య కళ్ళ ముందు మెదిలింది. దాని మీద ఈ కాళ్ళు. ఆమెకు ఒళ్ళంతా కంపరం పుట్టింది.

"ఈ అవతారంతోనా? నా నేల మీదా? నిన్ను చూస్తేనే డోకొస్తోంది నాకు."

"బూట్లు విప్పేసే వస్తానమ్మా."

"విప్పితే ఇంకా కంపు. పోతావా, కుక్కను వదలమంటావా?"

ముసలామె గంప దించింది. మళ్ళీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మాన్ని అరచేత్తో ఒకసారి నిమిరింది.

"దాన్ని కూడా మైల చేసి పోయింది, పాడు ముండ" అని లుకేర్య గుడ్డ తెచ్చి గుమ్మం తుడిచింది. గంపను బయటికి తన్నింది. నేల చెక్కలు కనిపించేదాకా గీకింది. చేతులు కొంకర్లు పోవడంతో ఎప్పటినుంచో ఖాళీగా ఉన్న ఆవు గాడి వెనక ఒక మూల మాత్రం వదిలేసింది.

మర్నాడు చలి ఇంకా ముదిరింది.

ఆమె తలుపు తీసేసరికి శుభ్రమైన చెక్కల మీద కోళ్ళు కట్టెల్లా పడి ఉన్నాయి.

గాడి వెనక నుంచి కొక్కొక్కొ అని సన్నగా వినిపించింది. తను గీకకుండా వదిలేసిన పెంటలో పుంజు, దాన్ని ఆనుకుని కాసిని పెట్టలు. పొట్టల దాకా కూరుకుపోయి కూర్చున్నాయి, బతికే ఉన్నాయి.

ముక్కు మూసుకుని ఆ పెంటలో చెయ్యి పెట్టింది. అప్పుడే తీసిన రొట్టెలా వెచ్చగా తగిలింది.

నిన్న తన నోట వచ్చిన మాటలన్నీ గుర్తొచ్చాయి. తన మీద తనకే రోత పుట్టింది.

పొయ్యి రాజేసింది. టీ నీళ్ళు పెట్టింది. వెచ్చబెట్టిన రొట్టె గుడ్డలో చుట్టుకుని ఎఫీమ్ ఇంటికి పరుగెత్తింది. ముసలాయన వాకిట్లో మంచు ఊడుస్తున్నాడు.

"ఆ అవ్వేది తాతా? ఇంటికి తీసుకెళ్దామని వచ్చా."

"ఇంకెక్కడి అవ్వ? తెల్లారి పాల బండిలో స్టేషనుకు వెళ్ళిపోయింది."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"ఆ ఒంట్లో ఇంకోసారి వచ్చే ఓపిక ఎక్కడిదే. పోయేలోపు ఒక్కసారి చూసుకుందామని వచ్చింది."

"ఏం చూసుకుందామని?"

ఎఫీమ్ చీపురు ఆపాడు. "నీకు చెప్పలేదా?"

"నేను చెప్పనివ్వలేదు."

"ఆ ఇల్లు నీకెవరిచ్చారు?"

"సర్కారు సమష్టి వ్యవసాయ క్షేత్రం వాళ్ళు."

"వాళ్ళేమన్నా కట్టారా? రెండావులు ఎక్కువున్నందుకు ధనిక రైతులని ముద్ర వేసి, ఆనాడు ఉస్తీన్య ఇంట్లో వాళ్ళందరినీ ఇలాంటి చలిలోనే బండెక్కించి ఉత్తరానికి తోలేశారు. ఆ కొట్టం, ఆ పొట్టి గుమ్మం ఉస్తీన్య వాళ్ళ నాన్న చేతి పని."

లుకేర్య చేతిలో రొట్టె చల్లారిపోతోంది.

"పొయ్యి పక్కన నువ్వు రోజూ ఇసుకతో తోముతావు చూడు," అన్నాడు ఎఫీమ్, "ఆ నేల మీదే పుట్టింది ఆ పిల్ల."